దుంప ఉడికిన నీళ్ళు

జూన్ 4

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని మా కాలేజీలో నవ్వుతున్నారు. ఫోన్ చేస్తే మా తమ్ముడు చిన్నోడు నీ పక్కన చేరి "స్పీకర్ పెట్టవే, నా మీద ఏం చెప్పుకుంటున్నారో నేనూ వింటాను" అంటాడని వాళ్ళకేం తెలుసు? వాడి ఒంటి సంగతి వాడు వినకుండా మాట్లాడుకోవాలంటే మనకు కాగితమే గతి.

బీపీ నూట అరవై దాటిందని రాశావు. మాత్ర వేసుకోమంటే "లిఫ్టు మెకానిక్కుని, పైకీ కిందికీ నాకు మామూలే" అన్నాడట. చదివి నవ్వాను. తరువాత, నవ్వినందుకు భయం వేసింది.

బీట్‌రూట్ పెట్టవచ్చా అని అడిగావు. నేను రెండేళ్ళుగా తింటున్నాను. మేలు దానివల్ల జరిగిందో, తింటున్నానన్న తృప్తివల్ల జరిగిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని కదా, ఒక్క మనిషిని చూసి లెక్క కట్టడానికి చెయ్యి రాదు. చదివినంత మేరకు చెబుతాను. ఆ దుంపలో ఉండే ఒక పదార్థం రక్తనాళాలను కాస్త వదులు చేస్తుంది, బీపీ కొంచెం దిగుతుంది. ఎంత దిగుతుందంటే తలా ఒక మాట. పీచు ఉంది, కడుపుకి మంచిది. రక్తం పడుతుందని మీ టైలరింగ్ షాపులో అన్నది మాత్రం రంగు చూసి అనుకునే మాట. ఇనుము అందులో అంత గొప్పగా ఏం లేదు.

అయితే (వాడు నాకు 'అయితే అక్క' అని పేరు పెట్టింది ఇందుకే), చెడూ ఉంది. కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడకండి. రాళ్ళు కట్టే ఒళ్ళయితే రాళ్ళు పెరగవచ్చు. తీపి దుంప, షుగరున్నవాళ్ళు చూసుకోవాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ముట్టుకోకూడదంటారు. మనవాడికి ఆ గొడవ లేదు కాబట్టి పెట్టు. కానీ మాత్ర మానకూడదు.

ఉడికిన నీళ్ళు పారబొయ్యకు. సగం బలం అందులోకే దిగుతుంది. ఈ ఒక్క విషయంలో అమ్మ పుస్తకాలకంటే ముందు నడిచింది. "ఉడికిన నీళ్ళు తూములో పోసే ఇల్లాలు ఇంటిని కూడా తూములోనే పోస్తుంది" అనేది. నువ్వు కాపురానికి వచ్చిన కొత్తలో చిక్కుళ్ళ నీళ్ళు ఒంపేస్తే సాయంత్రం దాకా నీ మొహం చూడలేదు కదూ. పాపం, వంటింటి గుమ్మంలో నువ్వు నిజంగానే తడిసిన పిచ్చుకలా నిలబడ్డావు.

వాడి బీపీ వారానికోసారి రాయి.

నీ వదిన


జూన్ 21

వదినగారికి నమస్కారాలు.

మీరు రాసినట్టే రోజూ ఒక దుంప. మొదటి వారంలోనే పెద్ద గొడవైంది. ఏదో ఆఫీసులో లిఫ్టు చూస్తూ మధ్యలో బాత్రూముకి వెళ్ళారట. అక్కడి నుంచే ఫోను. "ఒసేయ్, నా పనైపోయింది. బండి తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నాయి" అన్నారు. "ఎర్రగా వచ్చిందా?" అన్నాను. "నీకెలా తెలుసే?" అని అరిచారు. "మీ అక్క ముందే రాసింది" అన్నాను. "మా అక్కకి నా మూత్రం సంగతి కూడా తెలుసా?" అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మనం ఉత్తరాలు రాసుకుంటున్నట్టు అలా బయటపడింది. తిడతారనుకున్నాను గానీ, "రాసుకోండి, నన్ను బతికించే పనేగా" అన్నారు.

మొన్న బీపీ నూట నలభై ఆరు! దుంప నీళ్ళు కూడా తాగుతున్నారు. మట్టి వాసనని మొదట మూతి ముడిచారు, ఇప్పుడు అలవాటైంది. రక్తం పట్టదని మీరన్నారు గానీ వదినగారూ, మొహంలో రంగు తేలింది. మీ పుస్తకాలకి తెలియనివి కూడా కొన్ని ఉంటాయేమో. కోప్పడకండి.

బళ్ళు తెరిచారు కదా, యూనిఫారాల కుట్టుపని నెత్తి మీద ఉంది. ఇంతే.

మీ మరదలు


ఆగస్టు 2

వదినగారికి,

ఈ ఉత్తరం రాయొద్దన్నారు ఆయన. రాస్తున్నాను.

కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టక షూ లేసులు విప్పుకుని పనికి వెళ్ళారు. పరీక్షలు చేయించాం. రెండు కిడ్నీలూ మూడొంతులు పోయాయట. ఈ నెలలోనో పోయిన నెలలోనో జరిగింది కాదు, బీపీ ఏళ్ళ తరబడి లోపల తినేసిందన్నాడు డాక్టరు. ఇంకా డయాలసిస్ మిషను ఎక్కించే అవసరం రాలేదు, జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్ళు నెట్టొచ్చన్నాడు. ఉప్పు తగ్గించాలి, పళ్ళు మానాలి, నీళ్ళు కొలిచి తాగాలి. బయట ఉన్న డైట్ అమ్మాయి గబగబా ఏదో చెప్పింది. వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు, రెండోసారి అడగలేకపోయాను.

దుంప మానెయ్యాలా? కిడ్నీ జబ్బున్నవాళ్ళు ముట్టకూడదని మీరు మొదట్లో రాశారు. కానీ ఆయన ఇష్టంగా తినేది అదొక్కటే మిగిలింది. ఉప్పులేని కూర చూసి నిన్న కంచం ముందు నుంచి లేచిపోయారు. వెనకాలే వెళితే బాల్కనీలో కూర్చుని ఏడుస్తున్నారు, మీ తమ్ముడు, కూర కోసం. అంత మనిషిని అలా చూడలేను. మీరెలా చెబితే అలా చేస్తాను.

మీ మరదలు


ఆగస్టు 9

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి క్లాసుకి వెళ్ళి, ఏ పాఠం చెప్పాలో మరచిపోయి, పిల్లల్ని పంపించేసి కూర్చున్నాను.

జూన్‌లో 'మనవాడికి ఆ గొడవ లేదు' అని రాసింది నేనే. ఏ ఆధారంతో రాశాను? వాడు నా తమ్ముడు కాబట్టి వాడికి ఏమీ కాదనుకున్నాను. ఆధారం లేనిదే ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పే మనిషిని.

ఇక దుంప సంగతి. మా కాలేజీలో న్యూట్రిషన్ చెప్పే ఆవిడను అడిగాను. మానేస్తే మంచిదంది. ఏదో ఒకటి ఇష్టంగా తిననివ్వకపోతే అసలు తిండే మానేస్తాడని నేను వాదించాను. అప్పుడు ఒక దారి చెప్పింది. తొక్క తీసి, చిన్న చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళు పోసి బాగా ఉడికించాలట. దుంపలో ఉన్నది చాలా వరకు నీళ్ళలోకి దిగిపోతుంది, అప్పుడు కొద్దిగా ఇస్తే ఇబ్బంది లేదంది. అందులో ఏది దిగుతుంది, దాని పేరేమిటి అన్నవి రాసి నిన్ను బెదరగొట్టను. నీకిప్పుడు పేర్లు కాదు, పద్ధతి కావాలి. పద్ధతి ఇది.

వాడు కూర కోసం ఏడవడం నాకు కొత్త కాదు. ఆరేళ్ళప్పుడు పెద్ద ముక్క నాకు వేశారని గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నేను నా ముక్క తీసి వాడి కంచంలో వేస్తే, వద్దని మళ్ళీ నాకే వేసేవాడు. ముక్క కాదు వాడికి కావలసింది.

రావాలని ఉంది. పేపర్లు దిద్దే పని సెప్టెంబరు దాకా వదలదు. వచ్చి నేను చేయగలిగింది మాత్రం ఏముంది అని కూడా అనిపిస్తుంది. ఇది నిజమో సాకో నాకే తెలియడం లేదు.

నీ వదిన


ఆగస్టు 28

వదినగారికి నమస్కారాలు.

మీరు రాసిన పద్ధతే. తొక్క తీసి, సన్నగా తరిగి, పెద్ద గిన్నెలో పొంగే దాకా ఉడికిస్తున్నాను. అత్తయ్య ఉన్నప్పటిలాగే, ఏదీ వృథా కానివ్వడం లేదు. ముక్కలు తింటున్నారు, కంచం ముందు నుంచి లేవడం మానేశారు. దానికే మీకు దణ్ణం పెట్టుకుంటున్నాను.

కాకపోతే కాళ్ళలో బలం లేదు. సోమవారం లిఫ్టు చూడ్డానికి మెట్లెక్కుతూ నాలుగో అంతస్తులో చతికిలబడ్డారట. లిఫ్టుని నడిపే మెషిన్ రూము ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది కదా. పైన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపలి నుంచి తలుపు బాదుతుంటే, ఈయన మెట్ల మీద కూర్చుని "వస్తున్నానండీ, ఒక్క నిమిషం" అని కింద నుంచే అరుస్తూ ఉన్నారట. నవ్వుతూనే చెప్పారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కిడ్నీ డాక్టరు గది బయట బెంచీ మీద ఒకావిడ పరిచయమైంది. వాళ్ళాయన బస్సు కండక్టరు, ఇదే జబ్బు. ఇద్దరం ఉప్పులేని వంటల గురించి చెప్పుకుంటాం. "మీకు చదువుకున్న ఆడపడుచు ఉంది, అదృష్టవంతులు" అంది. మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను వదినగారూ. దగ్గరుండి చూసే మనిషిని నేనొక్కదాన్నే. ఇక నా చేతుల్లో ఏముంది?

మీ మరదలు


సెప్టెంబర్ 5

మరదలికి,

'దగ్గరుండి చూసే మనిషిని నేనొక్కదాన్నే' అని రాశావు. అర్థమైంది. రాలేదని దెప్పాలనుకుంటే సూటిగానే దెప్పవచ్చు. నేను ఇక్కడ హాయిగా లేను. రోజుకి ముప్ఫై పేపర్లు దిద్దుతూ, ప్రతి మార్కు దగ్గరా వాడి కాళ్ళు గుర్తొచ్చి ఆగిపోతున్నాను. ఉద్యోగం వదిలేసి వచ్చి బెంచీ మీద కూర్చుంటేనే అక్కనా? వాడి జ్వరాలకు చిన్నప్పుడు రాత్రంతా కూర్చున్నది ఎవరు? చదువుకున్న ఆడపడుచు అదృష్టమో కాదో మీ కండక్టరు భార్యకేం తెలుసు?

ఇది రాశాక చింపేద్దామనుకున్నాను. చింపలేదు. మనసులో పెట్టుకోవడం కంటే నయమనిపించింది.

నీరసం సంగతి: కిడ్నీలు పాడైతే రక్తం తగ్గడం మామూలేనట. డాక్టరును అడుగు, ఇంజెక్షన్లు ఉంటాయి. అప్పటిదాకా ఒంటికి బలం పట్టేది ఇవ్వు. ఈ నెలాఖరుకి వస్తాను.

వదిన


సెప్టెంబర్ 13

వదినగారికి,

నేను దెప్పలేదు. మీ తమ్ముడి మీద ఒట్టు. ఒక్కదాన్నే ఉన్నానని భయం వేసి రాశాను. భయాన్ని దెప్పడమనుకుంటారని తెలిస్తే రాసేదాన్నే కాదు. ఇకనుంచి నాలుగు ముక్కలే రాస్తాను, తప్పులు దొర్లవు.

డాక్టరు వచ్చే వారం రమ్మన్నాడు. మీరు చెప్పినట్టు బలం పట్టేదే ఇస్తున్నాను.

ఆయన మిమ్మల్ని అడిగారు. నెలాఖరుకి వస్తోందని చెబితే, "అయితే అక్క వస్తుందా, అయితే చూద్దాం" అన్నారు.

మరదలు


అక్టోబర్ 12

వదినగారికి,

మీరు బస్సెక్కి వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. రెండు గదులే, అయినా. ఆయన పనిబట్టలు ఉతికాను. గ్రీజు మరక పోలేదు. పోకూడదనే గట్టిగా రుద్దలేదు.

మీరున్న పదిహేను రోజులూ మనం ఏమీ మాట్లాడుకోలేదు. మీరు ఆ గోడ వైపు, నేను ఈ గోడ వైపు పడుకున్నాం. నేను దెప్పాననుకున్నది ఇంకా మీ మనసులో ఉందేమోనని నాకు భయం, అసలు మీ మనసులో ఏముందో తెలియదు. వచ్చినవాళ్ళకి నీళ్ళివ్వడంతోనే సరిపోయింది.

ఆసుపత్రిలో మీరు రాకముందు డాక్టరు అడిగాడు, "ఒంట్లో పొటాషియం బాగా పెరిగి గుండె ఆగింది. పళ్ళు తినిపించారా, కొబ్బరినీళ్ళు ఇచ్చారా?" అని. "ఒక్క పండు ముట్టుకోలేదండీ" అన్నాను. ఇది ఒట్టేసి చెప్పగలను. అదొక్కటే నాకు ఊరట. నా చేతుల్లో ఉన్నదేదీ నేను తక్కువ చెయ్యలేదు. దుంప నీళ్ళు కూడా చివరిదాకా ఇచ్చాను. డాక్టరు నీళ్ళు కొలిచి ఇమ్మన్నాడు కదా, ఊరికే మామూలు నీళ్ళెందుకు, తాగే నాలుగు గుక్కల్లోనైనా బలం ఉండనీ అని అవే పట్టాను. మెట్ల మీద పడిపోయిన దగ్గర్నుంచి పూటకో గ్లాసు. ముక్కలు ఆయన ఒంటికి బరువని, అందులో ఉన్నదంతా నీళ్ళలోకి దించమని మీరు రాశారుగా. అలా దించి ఇచ్చినా నిలబడలేదు. రాత అంతే.

కండక్టరు భార్య పరామర్శకి వచ్చింది. వాళ్ళాయనకీ కాళ్ళు పట్టు తప్పుతున్నాయట. ఈ నీళ్ళ పద్ధతి ఆవిడకి చెప్పాను. మా ఆయనకి అక్కరకు రాకపోయినా ఇంకొకరికి రానీ అనుకున్నాను. మొన్నటి నుంచి ఇస్తోందట.

నేను తక్కువేం చెయ్యలేదు కదా వదినగారూ? ఒక్క మాట రాయండి. మీరు రాస్తే నమ్ముతాను.

మీ మరదలు


అక్టోబర్ 17

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివిన వెంటనే ఫోన్ చేశాను. "కండక్టరు వాళ్ళింటికి పరుగెత్తు, ఆ నీళ్ళు ఆపించు, ఆయన్ని ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళమను" అన్నాను. "ఎందుకండీ?" అన్నావు. "ముందు వెళ్ళు" అని పెట్టేశాను. నువ్వు మళ్ళీ చేసిన ఫోన్లు చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. ఎందుకో ఈపాటికి నీకు సగం అర్థమై ఉంటుంది. తక్కిన సగం నేను చెప్పాలి. చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు. 'నువ్వేమీ తక్కువ చెయ్యలేదు' అని ఒక్క వాక్యం రాసి పంపేద్దామని కూర్చున్నాను. అది అబద్ధం కూడా కాదు. కానీ దాన్ని పట్టుకుని నువ్వు ఇంకొకరికి చెబుతావు.

డాక్టరు అడిగిన పొటాషియం పళ్ళలోనే కాదు, ఆ దుంపలో కూడా ఉంటుంది. బాగున్న కిడ్నీలు దాన్ని బయటికి తోసేస్తాయి. పాడైనవి తొయ్యలేవు. అది ఒంట్లో పేరుకుంటే ముందు కాళ్ళు పట్టు తప్పుతాయి, తరువాత గుండె. ముక్కల్ని ఎక్కువ నీళ్ళలో ఉడికించమన్నది అది నీళ్ళలోకి దిగిపోవాలని. దిగాక ఆ నీళ్ళు పారబొయ్యాలి. ఆ మాట నేను రాయలేదు. రాయాలని కూడా తోచలేదు. పారబోస్తారని ఎవరికైనా తెలుసు అనుకున్నాను. మా అమ్మ వంటింట్లో పెరిగిన నేను, మా అమ్మ చేతికింద వంట నేర్చుకున్న నీ గురించి అలా ఎలా అనుకున్నానో! పేరు రాస్తే బెదురుతావని పేరు దాచాను. పేరు రాసి ఉంటే నువ్వు డాక్టరును అడిగేదానివి. బెదిరినా సరే, అడిగేదానివి.

ఏదీ వృథా కానివ్వడం లేదని నువ్వు రాసినప్పుడైనా నాకు తట్టాలి. అదే ఉత్తరంలో చివరి మాట నన్ను దెప్పుతోందని రోషపడి పేజీ నిండా నా గొప్ప రాసుకున్నాను. పైగా బలం పట్టేది ఇవ్వమన్నాను.

ఆ నీళ్ళవల్లే పోయాడా అంటే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. జబ్బు ముదిరినా అదే జరుగుతుంది. ఎంత వాటా దేనిదో లెక్క తేలదు. తేలదన్నది నిజం, దాని చాటున దాక్కోను. తప్పు నాది. నీ చేతులది కాదు. సెలవు పెట్టి వస్తున్నాను, శుక్రవారం బయలుదేరతాను.

నీ వదిన


అక్టోబర్ 21

వదినగారికి,

కండక్టరు వాళ్ళింటికి ఆ పూటే వెళ్ళాను. గ్లాసు ఆయన చేతిలో ఉంది. తాగారో లేదో అడక్కుండా లాగేసుకున్నాను, చొక్కా మీద ఒలికింది. ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందు ఇచ్చి ఒక రోజు ఉంచుకుని పంపారట, ఇప్పుడు నయమట. ఆవిడ నా చేతులు పట్టుకుని, "మీ ఆడపడుచు దేవత" అంది. అవునన్నాను.

మీ ఉత్తరం చదివాను. తప్పు మీదని రాశారు. మీరు అలా రాస్తారని తెలుసు. చదువుకున్నవాళ్ళు తప్పు కూడా బాగా రాయగలరు. కానీ గ్లాసు పట్టుకున్నది నేను వదినగారూ. కాళ్ళు పట్టు తప్పుతున్న కొద్దీ పెంచుతూ పోయింది నేను. మధ్యాహ్నాలు కుట్టుమిషను ముందు కూర్చుంటే కాలు ఆడదు. ఎన్ని గ్లాసులో లెక్కపెట్టబోయి ఆపేస్తున్నాను.

మీకు చెప్పని మాట ఒకటి ఉంది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ మీరు దాచకుండా రాశాక నేను దాస్తే బాగుండదు.

చివరి రోజు ఆయన వద్దన్నారు. "వాంతి వచ్చేలా ఉందే, ఇవాళ్టికి వదిలెయ్" అన్నారు. నేను వదల్లేదు. "మీ అక్క చెప్పింది" అన్నాను. గ్లాసు వైపు కాసేపు చూశారు. "అక్క చెప్పిందా" అని లేచి కూర్చుని, ముక్కు మూసుకుని మొత్తం తాగేశారు. ఖాళీ గ్లాసు బోర్లించి చూపించారు నాకు, చిన్నపిల్లాడిలాగా.

శుక్రవారం బయలుదేరతానన్నారు. రాకండి. కోపం కాదు. మీరు గుమ్మంలోకి వస్తే నాకు మీ మొహంలో ఆయన మొహం కనిపిస్తుంది, నా చేతులు చూస్తే మీకేం కనిపిస్తుందో నాకు తెలుసు. కొన్నాళ్ళు పోనివ్వండి. ఎన్నాళ్ళని అడగకండి, నాకూ తెలియదు.

మీ మరదలు